వలిసె పువ్వూ కాఫీ చెట్టూ



నవంబర్, డిసెంబర్ వచ్చాయంటే మన ఖాన్‌దాన్ వాట్సప్ గ్రూపులన్నీ పసుపు రంగులోకి మారిపోతాయి. మామూజాన్ కుటుంబం, ఖాలా కుటుంబం, కొత్తగా నికా అయిన జంటలు, అందరూ అరకు వలిసె పూలలో నడుముదాకా మునిగి నవ్వుతుంటారు. కింద "మాషా అల్లాహ్", "సుబ్హానల్లాహ్" అని వందల మెసేజ్‌లు. నాకూ షౌక్ పుట్టింది. పోయిన శీతాకాలం పిల్లల్ని తీసుకుని విశాఖలో మా ఆపా ఇంటికి వెళ్లాం. మర్నాడు ఫజర్ కాగానే ఆపా కట్టిచ్చిన ఖీమా పరాటాలతో, ఆపాని కూడా బలవంతంగా వెంటపెట్టుకుని, కిరండూల్ రైలెక్కాం.

ఆ దారి గురించి చాలామంది రాశారు కాబట్టి నేను రాయను. సొరంగాలు లెక్కపెడుతూ పిల్లలు గొంతు పోగొట్టుకున్నారు. బొర్రా దాటాక చలి మొదలైంది, అరకులో దిగాక ఆకలి మొదలైంది. జీపు మాట్లాడుకుని పాడేరు రోడ్డు పట్టాం. ఒక మలుపు తిరగ్గానే కొండ కింద నేల మీద ఎవరో పసుపు చాదర్ పరిచినట్టు వలిసె చేను. మా చిన్నది జీపు ఆగకముందే దూకి పొలం మధ్యలోకి పరుగెత్తింది. దాని వెనక నేను, ఫోను పైకెత్తి, "ఇంకొంచెం లోపలికి బేటా, ఇంకొంచెం" అంటూ.

గట్టు మీదున్న ఒక పెద్దావిడ లేచి నిలబడింది. అరవలేదు. "బాబూ, పాపని బయటికి రమ్మనండి. మీకవి పువ్వులు, మాకు నూని," అంది.

వెనక్కి తిరిగి చూశాను. మేం నడిచిన దారంతా మొక్కలు పడిపోయి ఉన్నాయి. ఒక కుటుంబం, నాలుగు ఫొటోలు, పది అడుగుల వెడల్పున పాడైన పంట. షర్మ్‌తో నా ముఖం ఎర్రబడింది. నేనేదో గొణుగుతుంటే ఆపా ముందుకొచ్చి ఆవిడ చేతిలో డబ్బు పెట్టి, "మాఫ్ చేయమ్మా, తెలీక తొక్కాం," అంది.

నిజానికి తెలీక కాదు దోస్తులారా. తెలుసుకోవాలని అనుకోక. ఈ పోస్టు రాయడానికి మొదటి కారణం అదే.

వలిసెలంటే వెర్రి నువ్వులు. ఎవరో టూరిస్టుల కోసం నాటిన పూలతోట కాదు అది. వానాకాలం చివర్లో చల్లే నూనెగింజల పంట, మూడు నాలుగు నెలల్లో చేతికొస్తుంది. పొద్దుతిరుగుడు ఖాన్‌దాన్‌కి చెందిన మొక్క. మనం ఒక పువ్వు అనుకునేది నిజానికి ఒక పువ్వు కాదు, మధ్యలో గుండ్రంగా కుదురుకున్న చిన్న చిన్న పూల గుంపు. తేనెటీగ వచ్చి వాలితే ఆ చిన్న పూలు గింజలవుతాయి. ఒక మొక్క పుప్పొడి ఆ మొక్కకే పెద్దగా పనికిరాదు, పక్క మొక్క నుంచి రావాలి. ఆ తెచ్చే పని తేనెటీగది. కాబట్టి మనం ఫొటోకి వంచిన ప్రతి కొమ్మా కొన్ని గింజల నష్టం. గింజలంటే నూనె, పిండి పట్టిన తర్వాత మిగిలే చెక్క పశువులకి మేత, కొంత అమ్మకం. ఇండియా నుంచి, ఇథియోపియా నుంచి వెళ్లిన ఈ గింజల్ని అమెరికాలో ఇళ్ల ముందు గూళ్లు వేలాడదీసి చిన్న చిన్న పిట్టలకి మేతగా పెడతారు.

ఒక ముస్లిం మొక్క నాటినా, పంట వేసినా, అందులోంచి మనిషి తిన్నా పక్షి తిన్నా పశువు తిన్నా, అది అతనికి సదఖా అవుతుందనే హదీస్ మీ అందరికీ తెలుసు. బుఖారీలోనూ ఉంది, ముస్లింలోనూ ఉంది. మన తఖ్రీర్లలో దీన్ని చెట్ల పండగకి మాత్రమే వాడుతుంటాం. కానీ అందులో మొక్క నాటడంతో పాటు పంట వేయడం కూడా ఉంది. మనిషికి నూనె, పశువుకి చెక్క, పక్షికి గింజ. ఆ మూడూ నేను తొక్కిన చేనులోనే ఉన్నాయి.

జీపు డ్రైవర్ ఆ మన్యం కుర్రాడే. మా ముఖాలు చూసి జాలిపడ్డాడేమో, "కాఫీ తోట చూస్తారా సార్, అక్కడ తొక్కడానికేం ఉండదు," అన్నాడు నవ్వుతూ. పైకి తీసుకెళ్లాడు. అక్కడ ఎండ లేదు. నిటారుగా ఎదిగిన సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని చుట్టుకుని పాకిన మిరియాల తీగలు, కింద మనిషి ఎత్తున కత్తిరించి పెంచిన కాఫీ చెట్లు. కింద వలిసెలు పూసే ఆ రోజుల్లోనే పైన కాఫీ పళ్లు ఎర్రబడతాయి. ఆడవాళ్లు నడుముకి బుట్ట కట్టుకుని పండిన పండు ఒక్కొక్కటే కోస్తున్నారు, పచ్చివి వదిలేస్తున్నారు. అక్కడ మాతో పాటు ఇంకొక్క టూరిస్టు కూడా లేడు.

"అబ్బా, కాఫీకి పూలుండవా?" అని మా చిన్నది అడిగింది.

ఉంటాయి. ఎండాకాలం మొదట్లో ఒక మంచి వాన పడితే ఆ తర్వాత కొన్ని రోజులకి కొమ్మల నిండా తెల్లగా పూస్తాయి, మల్లెపూల లాంటి వాసనతో. మూడు నాలుగు రోజుల్లో రాలిపోతాయి. ఆ పువ్వు పండై ఎర్రబడడానికి ఎనిమిది తొమ్మిది నెలలు పడుతుంది. అసలు మొక్క నాటిన తర్వాత మొదటి కాపు చూడడానికే మూడు నాలుగేళ్లు ఆగాలి. దానికి ముందు నీడ చెట్లు ఉండాలి. అంటే ఒక కప్పు కాఫీ వెనక కొన్నేళ్ల సబర్ ఉంది.

చెట్టుకీ పువ్వుకీ ఫర్ఖ్ ఏమిటని స్కూల్లో అడిగితే తేలికే. చెట్టు ఒక పూర్తి జీవి, పువ్వు దానిలో ఒక భాగం. పువ్వుండేది విత్తనం కోసం. తెలుగులో మనం గులాబీ చెట్టు, మల్లె చెట్టు, అరటి చెట్టు అని అన్నిటినీ చెట్లే చేసేస్తాం. అది తప్పని పుస్తకాలు చెప్పొచ్చు గాని, అందులో ఒక హిక్మత్ ఉందని నాకిప్పుడు అనిపిస్తోంది. పువ్వు పేరు చెప్పినప్పుడు అది పూసిన ఒళ్లు కూడా గుర్తుండాలి. కెమెరా చేసే జుల్మ్ అదే. పువ్వుని మాత్రం తెస్తుంది, వేరునీ నేలనీ పెంచిన చేతినీ అక్కడే వదిలేస్తుంది.

ఇంకో సంగతి చెప్తే మీకు తాజ్జుబ్ కలుగుతుంది. ఈ వలిసె మొక్కకీ, ఈ అరబికా కాఫీ చెట్టుకీ పుట్టిల్లు ఒకటే, ఇథియోపియా. అంటే మన కితాబుల్లోని హబషా. హజ్రత్ బిలాల్ (రజి) మూలాలున్న నేల. మక్కాలో బతకలేని తొలి ముస్లిములకి నజాషీ బాద్షా పనాహ్ ఇచ్చిన నేల. కాఫీ అక్కడి నుంచి సముద్రం దాటి యెమెన్‌కి చేరింది. రాత్రుళ్లు జిక్ర్‌లో నిద్ర పట్టకుండా ఉండడానికి సూఫీలు ఖహ్వా తాగేవాళ్లు. 17వ శతాబ్దంలో బాబా బుడన్ అనే సూఫీ హజ్‌కి వెళ్లి తిరిగొస్తూ యెమెన్ నుంచి 7 గింజలు తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటారని రివాయత్. ఆ కొండలకి ఈనాటికీ బాబా బుడన్‌గిరి అనే పేరు. మన తూర్పు కనుమలకి కాఫీ వచ్చింది చాలా ఆలస్యంగా, ఇంగ్లీషువాళ్ల కాలంలో, 1898 ప్రాంతంలో పాములేరు లోయకి. అక్కణ్ణించి పైకి పాకింది. 2019లో బాబా బుడన్‌గిరి అరబికాకీ, అరకు అరబికాకీ ఒకేసారి భౌగోళిక గుర్తింపు దక్కింది. ఒకటి పీర్ పేరున్న కొండ, ఇంకొకటి ఆదివాసీ మెహనత్ కొండ. హబషా నుంచి వచ్చిన ఈ ఇద్దరు ముసాఫిర్లకీ పనాహ్ ఇచ్చి పెంచింది ఆదివాసీ నేల.

ఇప్పుడు చెట్టుకీ పువ్వుకీ ఉన్న అసలు ఫర్ఖ్ దగ్గరికొస్తాను. 2014 అక్టోబర్ 12న విశాఖ మీద పడిన తుఫాను మనందరికీ గుర్తే. దాని పేరు హుద్‌హుద్, ఒమన్ పెట్టిన పేరు. సూరె నమల్‌లో సులేమాన్ అలైహిస్సలాంకి సబా నుంచి ఖబర్ తెచ్చిన పిట్ట పేరు. ఈ హుద్‌హుద్ మాత్రం మన్యానికి మంచి ఖబర్ తేలేదు. అనంతగిరి, అరకు కొండల మీద నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు కూలాయి, వాటి కింద కాఫీ చెట్లు నలిగాయి, మిగిలినవాటి మీద సూటిగా ఎండ పడింది. తుఫానుకి చేను పోతే ఆ ఏటి పంట పోయినట్టు. ఎంత బాధైనా వచ్చే వానాకాలం మళ్లీ గింజలు చల్లుకోవచ్చు. చెట్టు పోతే కొన్నేళ్ల బతుకు పోతుంది. మళ్లీ నీడ లేవాలి, మళ్లీ కాఫీ నాటాలి, మళ్లీ ఆగాలి.

అందుకే చెట్టు నాటేవాడికి ఒక భరోసా కావాలి. పదేళ్ల తర్వాత కూడా ఈ నేల నాదే అనే భరోసా. ఆ మాట నాకు చెప్పింది ఏ కితాబూ కాదు, వలిసె చేను గట్టు మీది ఆ పెద్దావిడే.

దిగి వస్తూ ఆపా మళ్లీ అక్కడ జీపు ఆపించింది. పరాటాలు పంచుకుని గట్టు మీద కూర్చున్నారు ఇద్దరూ. మీ కాఫీ తోట కూడా ఉందా అని ఆపా అడిగింది. ఉందట, పైన. "పట్టా వచ్చినాకే వేసుకున్నాం అమ్మా. అంతకుముందు ఎవరొచ్చి ఎప్పుడు లెమ్మంటారో తెలీదు. చెట్టు ఏం పెడతాం? గింజలే చల్లుకునేవాళ్లం," అంది ఆవిడ. కాసేపాగి, కొంచెం ఫఖర్‌గా, "అందులో నా పేరు కూడా రాశారు," అంది.

తర్వాత చదువుకుంటే అర్థమైంది. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం, పెళ్లయిన వాళ్లకిచ్చే హక్కు పత్రం భార్యాభర్తలిద్దరి పేరున ఉండాలి. దాన్ని అమ్మకూడదు, పిల్లలకి వారసత్వంగా వస్తుంది. దానికి ముందు 1/70 చట్టం ఉంది, ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా. 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమతా తీర్పు ఉంది, మొదలైంది ఇదే అనంతగిరి మండలం బొర్రా ప్రాంతపు గనుల లీజుల మీద. షెడ్యూల్డ్ ప్రాంతంలో సర్కారు భూమిని కూడా ప్రైవేటు గనుల కంపెనీలకి లీజుకివ్వకూడదని అందులో తేల్చింది. మనం గాజు పెట్టెలో కూర్చుని చూసే ఆ పచ్చదనం కింద ఇన్ని పోరాటాలున్నాయి. కాగితం లేనివాడు గింజలు చల్లుతాడు, కాగితం ఉన్నవాడు చెట్టు నాటుతాడు. పువ్వుకి ఒక కారు చాలు, చెట్టుకి నేల మీద హఖ్ కావాలి.

కొందరు దోస్తులు అంటారు, "టూరిస్టులొస్తే వాళ్లకీ నాలుగు డబ్బులు కదా భాయ్" అని. నిజమే. కొన్నిచోట్ల రైతులు మనిషికి పదో ఇరవయ్యో తీసుకుని ఫొటోలు దిగనిస్తున్నారు, అది వాళ్ల హఖ్. కానీ హోటల్ గదికి వేలు కట్టే మనం ఆ 20 రూపాయల దగ్గర బేరమాడతాం. ఇచ్చిన తర్వాత చేను కొనేసినట్టు లోపలికి దూకుతాం. వెళ్లండి, తప్పకుండా వెళ్లండి. గట్టు మీద నిలబడండి. అడిగింది ఇవ్వండి. పూలు కోయకండి. వచ్చేటప్పుడు అక్కడి కాఫీ పొడి, మిరియాలు, దొరికితే వలిసె నూనె కొనండి. ఫొటోకి పువ్వైన దానికి, వంటింట్లో పంటగా కూడా ఇజ్జత్ ఇవ్వండి.

ఇక్కడితో ఆపేస్తే ఈ పోస్టు అందరికీ నచ్చుతుంది. కానీ ఆపలేను. తిరుగు ప్రయాణంలో ఆపా కిటికీ పక్కన కూర్చుని ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఎందుకో నాకు తెలుసు.

మన ఇళ్లలో ఆడపిల్లలకి పూల పేర్లు పెట్టుకుంటాం. గుల్నాజ్, యాస్మిన్, నర్గిస్, నస్రీన్. మా చిన్నదాని పేరుకీ అర్థం పువ్వే. ఖాన్‌దాన్ వంశావళికేమో షజరా అని పేరు, అంటే చెట్టు. మా ఇంట్లో ఉన్న షజరాలో తాతల పేర్లు, వాళ్ల కొడుకుల పేర్లు, మనవల పేర్లు ఉన్నాయి. ఆపా పేరు లేదు. ఆపా షాదీకి మా అబ్బాజాన్ అప్పుచేసి మరీ స్టేజీ అంతా పూలతో నింపారు. ఊరంతా చెప్పుకున్నారు. మర్నాడు పొద్దున ఆ పూలన్నీ ఫంక్షన్ హాలు వెనక కుప్పగా పడున్నాయి. అబ్బాజాన్ పోయాక మా రెండెకరాల సంగతి వచ్చినప్పుడు మేం అన్నదమ్ములం ఆపాని పిలిచాం. "షాదీకి అంత ఖర్చుపెట్టాం కదా ఆపా" అన్నాం. ఆపా "నాకేం వద్దురా, మాఫ్" అని రిలీజ్ దస్తావేజు మీద సంతకం పెట్టేసింది. మేం దాన్ని మొహబ్బత్ అనుకున్నాం. మన దగ్గర ఎన్ని ఇళ్లలో ఆపాలు, చెల్లెళ్లు ఇలా "మాఫ్" చేశారో మీ గుండె మీద చెయ్యేసుకుని లెక్కపెట్టండి. అడగకముందే మాఫ్ చేయించుకునేది మొహబ్బత్ కాదు, మనిషి మొహమాటాన్ని వాడుకోవడం.

సూరె నిసాలో బేటీకి వాటా రాసి ఉంది, బేటా వాటాలో సగం. అది మనం దయతలచి ఇచ్చేది కాదు, అల్లాహ్ ఖరారు చేసింది. షాదీ ఖర్చు దానికి బదులు కాదు. ఆ వాటా సంగతి పక్కనపెట్టి, స్టేజీ మీద లక్ష రూపాయల పూలు పరిచి, "మా బేటీని పువ్వులా చూసుకున్నాం" అంటాం. పువ్వులానే చూశాం, నిజం. ఒక్క రోజు చూసి, ఫొటో తీసి, వేరుకి నేల లేకుండా పంపేశాం. మన్యంలో ఒక ఆదివాసీ ఆడమనిషి "అందులో నా పేరు కూడా రాశారు" అని చెప్పిన మాట, నమాజూ రోజా తెలిసిన మా ఇంట్లో మా ఆపా చెప్పుకోలేకపోయింది.

నేనేదో పెద్ద మనిషినైపోయానని కాదు ఇది రాస్తున్నది. ఇంకా ఏం తేలలేదు. ఇంటికొచ్చిన మర్నాడు అన్నయ్యకి ఫోన్ చేశాను. "ఇన్నేళ్ల తర్వాత ఇదేం తమాషా, ఆపా అడిగిందా?" అన్నాడు గుస్సాతో. అడగలేదు. అడగదు కూడా. రెండుసార్లు ఫోన్ పెట్టేశాడు. మూడోసారి, "పొలంలో ఇప్పుడు నిమ్మతోట ఉంది కదరా, చెట్లున్న నేల ఎలా పంచుతాం?" అన్నాడు. చెట్లున్నాయి కాబట్టే పంచాలి అన్నాను. నా వాటా మట్టుకు లెక్క కట్టించి, ఆపాకి రావలసింది రాయించే పని మొదలుపెట్టాను. మిగతాది అన్నయ్య కోసం దువా, సబర్. కాఫీ కూడా మూడు నాలుగేళ్లు ఆగితేనే కదా కాసేది.

షజరాలో మాత్రం ఆగలేదు. ఆ రాత్రే కలం తీసుకుని ఆపా పేరు, దాని పక్కన చోటు చేసి మా చిన్నదాని పేరు రాశాను. రాస్తుంటే మా చిన్నది వచ్చి చూసి, "అబ్బా, పువ్వు పేరు చెట్టులో రాస్తున్నావా?" అంది.

పువ్వు ఉండేది చెట్టు మీదే కదా బేటా, అన్నాను.

మీ ఇంట్లో షజరా ఉంటే ఈ రోజు ఒకసారి తీసి చూడండి. అందులో ఎవరి పేర్లు లేవో, మీ నేల కాగితంలోనూ ఎవరి పేర్లు లేవో.

ఖుదా హాఫిజ్.